ముందు గేటు, ఆఖరికి కప్పు

ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో జనగామ బజారులో షట్టర్లు తెరిచిన దినాలకంటే దించిన దినాలే ఎక్కువ అనిపించేది. మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. బందు పిలుపు వచ్చిందంటే మా ఇంట్లో ఆడవాళ్లకు పని రెట్టింపయ్యేది, ఎందుకంటే మగవాళ్లు ఇంట్లోనే ఉండేవాళ్లు. మా ఆయన, ఆయన అన్న ఇద్దరూ పొద్దున్నే స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకొని, పోవడానికి చోటు లేక ముందు గదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఆ అన్నను నేను బావ అని పిలుస్తాను. దుకాణంలో పప్పు బస్తాల మధ్య ఆయన చురుకైన మనిషే. ఖాళీగా కూర్చుంటే మాత్రం ప్రమాదకరమైన మనిషి. ఖాళీగా ఉన్నప్పుడు ఆయనకు ఆలోచనలు వస్తాయి.

అట్లాంటి ఒక బందు రోజున ఆయనకు పాత ఇళ్ల వ్యాపారం తట్టింది.

"తమ్మీ, రాష్ట్రం అస్తది. రాష్ట్రం అస్తే జిల్లాలు అస్తయి. జిల్లా అస్తే ఆఫీసులు, ఆఫీసుల ఎంబడి ఆఫీసర్లు. ఆఫీసరు చెట్టు కింద పంటడా? ఇల్లు గావాలె. హైదరాబాదు పోయెటోళ్లు పాత ఇండ్లు అగ్గువకు ఇడిసిపెట్టి పోతున్నరు. కొందం, మంచిగ జేపిద్దం, కిరాయికిద్దం, లేకుంటె అమ్ముదం."

ఇందులో తప్పేమీ లేదు. నన్ను ఇప్పటికీ మండించేది అదే. ఆలోచన సరైనదే. దాన్ని పట్టుకున్న చెయ్యే అడ్డదిడ్డమైనది. మా ఆయన యథాప్రకారం తల ఊపాడు. వాళ్ల అన్న ఏమన్నా తల ఊపడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. దుకాణంలో మిగిలిన సొమ్ము చాలక నా గాజులు, నా తోటికోడలి గాజులు కూడా ఆ ఇళ్లలోకే వెళ్లాయి. అందుకని ఆ ఇళ్ల గురించి మాట్లాడే హక్కు నాకుందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

తోటికోడలిని నేను అక్క అంటాను. ఒకే వంటింట్లో ఏళ్ల తరబడి ఉన్నా మా మధ్య మాటలు తక్కువ. ఎప్పుడో పండుగనాడు ఎవరు ముందు పొయ్యి వెలిగించాలనే దగ్గర మొదలైన ముభావం అట్లాగే గడ్డకట్టుకుపోయింది. ఉప్పు అయిపోయిందనో, గ్యాసు అయిపోయిందనో చెప్పుకోవడం తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మొదటి ఇంట్లో పాలు పొంగించడానికి మమ్మల్ని తీసుకెళ్లిన రోజున ఆమె ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకొని పైకి చూపించింది.

"చెల్లె, గా మరక జూసినవా?"

చూశాను. నడిమింటి కప్పు మీద గోధుమరంగు మరక, అంచులు పసుపు, మధ్యలో సిమెంటు పెచ్చు ఊడి కడ్డీ తుప్పు కనిపిస్తోంది. ఇల్లు ఊడ్చి తుడిచేవాళ్లకు తడి ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతుందో ఎవరూ నేర్పనక్కరలేదు. మేమిద్దరం కలిసి ఇల్లంతా తిరిగాం. కుళాయి తిప్పితే బురదనీళ్లు వచ్చాయి. ముందుగోడకు ఆనుకొని బాత్రూం, దానిమీద నీళ్ల ట్యాంకు, ట్యాంకునుంచి గోడ లోపలే దిగిన పాత ఇనుప పైపు. గోడమీద అరచెయ్యి పెడితే ఎండాకాలంలో కూడా చల్లగా తగిలింది.

బావతో నేనే అన్నాను. "బావా, ముందుగాల కప్పు సంగతి జూడున్రి. అటెనక పైపులు. గోడ తడి ఆరినంక రంగులు."

ఆయన నవ్వాడు. చిన్నపిల్ల ముద్దుమాటలు ఆడితే నవ్వే నవ్వు.

"కొనెటోడు మొగులు దిక్కు జూసుకుంట అస్తడా ఇంట్లకు? గేటు జూస్తడు, గోడ జూస్తడు. చూడంగనే మనసు గుంజాలె. కప్పుదేముంది, గదెప్పుడన్న చెయ్యొచ్చు."

ఆ 'ఎప్పుడన్న' అనే మాట మీదే మా కుటుంబం మూడు ఊళ్లలో ఇళ్లు కొన్నది.

జనగామ ఇంటికి ముందు గేటు వచ్చింది. దానికి ఇరువైపులా సింహాలు. ఆ సింహాలు పడిశం పట్టిన పిల్లుల్లా ఉండేవి. తర్వాత గోడలకు రంగులు వచ్చాయి. మరకల మీద కూడా రెండు పూతలు వేయించి, మరక పోయిందని మా అందరికీ చూపించాడు. ఆ తర్వాత ఆయన బుర్రలో ఇంకో మెరుపు మెరిసింది. ఉద్యమం బ్యానర్లు రాసే ఆర్టిస్టును పిలిపించి, ముందుగోడ నిండా తెలంగాణ తల్లి బొమ్మ వేయించాడు.

ఇది భక్తి అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. "గీ బొమ్మ ఉంటే మనింటి దిక్కు ఎవ్వడు కన్నెత్తి జూడడు తమ్మీ. రేపు రాష్ట్రమస్తే కొనెటోడు గిదే జూసి కొంటడు," అని మా ఆయనతో అనడం నేను నా చెవులతో విన్నాను. తల్లిని కాపలాకు పెట్టుకున్న మనిషి ఆయన.

ఆర్టిస్టు మాత్రం మంచివాడు. బొమ్మ చక్కగా కుదిరింది. ఒక చేతిలో మక్క కంకి, ఒక చేతిలో బతుకమ్మ, ముఖంలో ప్రశాంతత. దారిన పోయే ఆడవాళ్లు ఆగి దండం పెట్టుకొని పోయేవాళ్లు. బావ కొబ్బరికాయ కొట్టి, పదిమందిని పోగేసి ఉపన్యాసం ఇచ్చాడు. ఉపన్యాసంలో తన ఇంటి అడ్రసు చాలాసార్లు వచ్చింది.

వానలు మొదలయ్యాయి. మొదట తల్లి చీర అంచు నల్లబడింది. తర్వాత పాదాల దగ్గర రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోడ లోపలి పైపు కుళ్లి నీళ్లు కారుతున్నాయి. వాటికి బాత్రూం నీళ్లు కూడా తోడయ్యాయి. ఇంటి లోపల రెండు పూతల కిందనుంచి పాత మరక పక్కన పిల్లల్ని పెట్టుకొని మళ్లీ వచ్చింది. అక్క, నేను ఆ మరకల్ని చూసి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాట బయటికి రాకుండా నవ్వుకోవడం ఆ రోజే నేర్చుకున్నాం.

బావ మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి చెవి ఆనించి గోడ విన్నాడు, తట్టాడు, పైపు మార్చాలంటే గోడ చెక్కాలన్నాడు. సుత్తి, ఉలి తీసుకొని నిచ్చెన ఎక్కాడు. ఎక్కి, ఎదురుగా ఉన్న ముఖం చూసి, ఉలి కిందికి దించాడు.

"నాతోని గాదు సేటు. తల్లి మీద ఉలి పెడ్తె రేపు నా ఇంటి మీదికి అస్తరు."

"అరే, నా గోడనేనాయె!"

"గోడ నీదే సేటు. బొమ్మ అందరిది."

ఇంకో మేస్త్రి వచ్చాడు, చెప్పులు విడిచి దండం పెట్టుకొని వెళ్లిపోయాడు. మరొకాయన అసలు వీధిలోకే రాలేదు. ఈలోగా గోడ రోజురోజుకూ ఉబ్బుతోంది. బావ ఒక పెద్ద బ్యానరు తెచ్చి దానిమీద కప్పించాడు. మర్నాడు పొద్దున్నే కుర్రాళ్లు గుంపుగా వచ్చి, తల్లి ముఖానికి ముసుగెందుకు వేశారని నిలదీశారు. బావ తన చేత్తోనే బ్యానరు విప్పాడు. అంత పెద్దమనిషి నిచ్చెన ఎక్కి అందరి ముందూ తాళ్లు విప్పుతుంటే జాలిపడాలి కదా. నాకు జాలి కలగలేదు.

"ఇగ నడువు చెల్లె," అంది అక్క ఆ మధ్యాహ్నం.

చౌరస్తా దగ్గర దీక్షా శిబిరం ఉండేది. అక్కడ కుర్రాళ్లకు పెద్దదిక్కు ఒక కాలేజీ లెక్చరర్. మేమిద్దరం వెళ్లి టెంటు ముందు నిలబడ్డాం. మా ఇంటి ఆడవాళ్లు బజారులో అట్లా నిలబడి పరాయి మగవాళ్లతో మాట్లాడటం అదే మొదలు. అక్క తిన్నగా చెప్పింది.

"సారూ, తల్లి బాత్రూం నీళ్లల్ల నిలబడ్డది. మీరు చెక్కొద్దంటే గోడ కూలుతది. కూలితే తల్లి కాలువల పడ్తది. అచ్చి చూడున్రి, అటెనక మీ ఇష్టం."

లెక్చరర్ ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత లేచి మా వెంట వచ్చాడు. గోడమీద చెయ్యి వేశాడు. చేతికి రంగు, తడి రెండూ అంటుకున్నాయి. వాసన చూసి ముఖం చిట్లించాడు.

"తడి గోడ మీద ఎవలు ఏపిచ్చిన్రు బొమ్మ?"

బావ గేటు సింహాల్లో ఒకదాని చెవి తుడుస్తున్నాడు.

లెక్చరర్ వీధికి అవతలున్న గోడను తట్టి చూసి తీర్పు చెప్పాడు. "ఎదురుగోడ గట్టిగున్నది. కొత్త బొమ్మ ముందుగాల ఆడ అయ్యాలె. గా బొమ్మ పూర్తయినంక దీన్ని తియ్యున్రి. నడుమ ఒక్క దినం గూడ తల్లి లేకుంట ఉండొద్దు."

ఏది ముందు, ఏది తర్వాత అనేది టెంటులో కూర్చున్న మనిషికి నిమిషంలో తట్టింది. ఎదురుగోడ యజమానిని ఒప్పించి, అదే ఆర్టిస్టును మళ్లీ పిలిచి, కొత్త బొమ్మ వేయించాం. కుర్రాళ్లే వచ్చి పాత గోడకు దండం పెట్టి, మొదటి దెబ్బ తామే కొట్టారు. పైపు బయటికి లాగితే చెయ్యి తగలగానే పొడిగా రాలిపోయింది. పైపు మార్చి, ఆపైన స్లాబు మీద కొత్తగా సిమెంటు పరిపించి, గోడలకు గిలాబు చేయించి, ఆ పూత ఆరాక మళ్లీ మొదటినుంచి రంగులు వేయించాం. చేసిన ప్రతి పనీ రెండోసారి చేశాం. ఆ ఇల్లు చివరికి అమ్ముడుపోయింది. లింగాల ఘనపూర్‌నుంచి వచ్చిన రైతు కుటుంబం కొన్నది.

ఇంత జరిగాక బావ ఏం నేర్చుకున్నాడంటే, ఇంటికి వాస్తు బాగాలేదని. ఈశాన్యంలో ట్యాంకు ఉండటం వల్ల అట్లా జరిగిందట. తుప్పు పైపుకు దిక్కులు తెలుసని నాకు అంతవరకు తెలియదు.

రెండో ఇల్లు మహబూబాబాద్‌లో, రైలుకట్టకు దగ్గరలో కొన్నారు. పాసింజరు బండిలో వెళ్లివచ్చేవాళ్లం. రైల్‌రోకో ఉన్నరోజు బండి ఎక్కడపడితే అక్కడ ఆగేది. ఒకసారి పొలాల మధ్య ఆగినప్పుడు పట్టాల మీద వంటలు వండుతున్నవాళ్లు మాకు కూడా విస్తరిలో పప్పన్నం పెట్టారు. బావ దిగి వాళ్లతో కలిసి జై కొట్టి, అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. ఆయన ఉద్యమంలో మనస్ఫూర్తిగా పాల్గొన్న సందర్భం అదొక్కటేనని నా అనుమానం.

ఈసారి ఆయన మోజు గేటు మీదినుంచి నేల మీదికి దిగింది. వరంగల్‌లో ఎవరో స్నేహితుడు ఇప్పించాడని నల్ల గ్రానైట్ పలకలు తెప్పించాడు. ముఖం కనిపించేంత నునుపు. మేం వెళ్లేసరికి ముందుగది, వంటిల్లు, బాత్రూం దాకా పరిపించేశాడు. అక్క చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్లి, గోడమూలన నిలబడి అడిగింది.

"ఇనున్రి, వంటింటి నీళ్లు ఎటు పోతయి?"

బావ ఆమె వైపు చూశాడు. "ఏం నీళ్లు?"

"గిన్నెలు గడిగిన నీళ్లు."

ఆయన నేల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి, "సేటు పలకలు ముందు పరువుమన్నడు, పైపులు ఎనుకనుంచి ఏద్దమన్నడు," అన్నాడు. నీళ్లు పోయే పైపు నేల కిందనుంచి పోవాలని, నేల మూసేశాక కిందికి దూరడం దేవుడికి కూడా కష్టమని బావకు అప్పుడే తెలిసినట్టుంది. తెలిసినట్టు ఒప్పుకోలేదనుకోండి. "గట్లయితే జరంత పగలగొట్టున్రి," అన్నాడు, తలుపు జర తియ్యమన్నంత తేలికగా.

నెల్లికుదురు దగ్గరి తండానుంచి వచ్చిన ఆలుమగలు ఆ ఇంట్లో కూలి పనిచేసేవాళ్లు. వాళ్లే ఆ పలకలు మోసి తెచ్చినవాళ్లు. ఇప్పుడు వాళ్లే సుత్తులు పట్టుకొని పగలగొడుతూ వాళ్ల భాషలో ఏదో అనుకొని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు ఆగలేదు. నాకు ఉండబట్టలేక అడిగాను.

"ఏందమ్మా, మాకు గూడ చెప్పరాదు, మేం గూడ నవ్వుతం."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని తెలుగులో చెప్పింది. "ఏం లేదు సావుకారమ్మా. మొన్న పరువుమన్నరు, కూలి ఇచ్చిన్రు. ఇయ్యాల పలగ్గొట్టుమన్నరు, కూలి ఇస్తరు. ఎల్లుండి మళ్ల పరుస్తం. ఇంకో ఇల్లు కొంటే మాకే చెప్పున్రని మీ సేటును అడగాలె అనుకుంటున్నం."

అక్క కూడా పగలబడి నవ్వింది. పక్కగదిలో బావ దగ్గాడు.

పైపు వేసి, నేల పూడ్చి, మళ్లీ పలకలు పరిచేసరికి అదే నలుపు దొరకలేదు. నడిమింట్లోంచి వంటింటిదాకా నేలమీద ఒక బూడిదరంగు పట్టీ మిగిలిపోయింది. వచ్చినవాళ్లంతా ఆ పట్టీ మీద నడిచేవాళ్లు, కిందికి చూసేవాళ్లు.

ఆ ఇల్లు కిరాయికి చూడటానికి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. కోస్తానుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చదువుకున్నవాడు, చొక్కా మడత నలగనివాడు. బావ ఆయన్ను చూడగానే మాట మార్చాడు. సినిమాల్లో హీరోల తండ్రులు మాట్లాడినట్టు, "రండి సార్, చూడండి సార్, గాలీ వెలుతురూ బాగుంటాయండి," అని మొదలుపెట్టాడు. నోటికి అలవాటు లేని మాటలు కదా, మధ్యలో "ఈడ" అని జారి, వెంటనే "ఇక్కడ" అని సర్దుకున్నాడు.

బ్యాంకాయన అది పట్టేశాడు. నేలమీది పట్టీ చూపించి, గొంతు మార్చి, సాగదీసి, "ఏంది సేటూ, గిది గచ్చా? గిట్లెట్ల ఏసిన్రు? గమ్మత్తుగున్నది తియ్!" అన్నాడు. సినిమాల్లో దొంగలకు, తాగుబోతులకు మా మాటను ఎట్లా పెట్టేవాళ్లో అచ్చం అట్లాగే. అని తానే నవ్వాడు.

బావ కూడా నవ్వాడు. చౌరస్తాలో గొంతు బొంగురుపోయేదాకా జై కొట్టిన మనిషి, కిరాయి కోసం తన నాలుకను ఎగతాళి చేయించుకొని నవ్వాడు. మా ఆయన తల వంచుకున్నాడు. ఇళ్లు పాడుచేసినందుకు బావ మీద నాకు కోపమే ఉండేది. ఆ క్షణంలో కోపం పోయింది, దాని చోట ఇంకేదో వచ్చింది, దానికి గౌరవంతో సంబంధం లేదు.

అక్క గడప దగ్గరనుంచి నెమ్మదిగా అంది. "సారూ, మా మాట గిట్లనే ఉంటది. నేల తప్పు ఏసిన్రు, గది నిజం. దాన్ని ఎన్నిసార్లన్న నవ్వున్రి. మాటను నవ్వెటట్లయితే మాత్రం మా ఇల్లు మీకియ్యం."

బ్యాంకాయన గొంతు సర్దుకొని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. రాలేదు. తిరుగు బండిలో బావ మాతో మాట్లాడలేదు. మాకు అది పెద్ద శిక్షగా అనిపించలేదు. ఆ ఇంట్లో తర్వాత ఒక టీచరమ్మ కుటుంబం దిగింది. ఆమె పట్టీ మీద చాప వేసుకున్నది.

మూడో ఇల్లు భూపాలపల్లిలో. బొగ్గు గనులు, కరెంటు ప్లాంటు ఉన్న ఊరు, కిరాయిదార్లకు కొదవ లేదు. ఇల్లు కొన్న కొద్దిరోజులకే సమ్మెలు ముదిరాయి. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, గనులు ఆగాయి. జనగామలో బావ రిలే నిరాహార దీక్షలో కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున ఇంట్లో ఉప్మా తిని వెళ్లి, మెడలో దండతో సాయంత్రందాకా కూర్చొని, నిమ్మరసం తాగి వచ్చి అన్నం తినేవాడు. నిజంగా కడుపు మాడ్చుకున్నవాళ్లు, లాఠీదెబ్బలు తిన్నవాళ్లు అదే చౌరస్తాలో ఉన్నారు. వాళ్లను చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చేవి. వాళ్ల పక్కన దండ వేసుకున్న బావను చూసినప్పుడు మళ్లీ ఆరిపోయేవి.

దీక్ష వదిలి ఊరు దాటితే పరువు పోతుందని ఆయన జనగామలోనే ఉండిపోయాడు. అక్క అదే అదను అనుకుంది.

"భూపాలపల్లి ఇల్లు మేం జూసుకుంటం," అంది రాత్రి అన్నం వడ్డిస్తూ. "మరిది గారిని తోడిచ్చి తోలున్రి. పని మాత్రం నేను, చెల్లె చెప్పినట్టు గావాలె."

బావ ముద్ద మింగి, "సరే, రంగు మాత్రం నేను చెప్త," అన్నాడు. రంగు ఆఖరికి కదా, అప్పటిదాకా చూద్దామని అక్క ఒప్పుకుంది.

దొరికిన జీపులో, దొరికిన ఆటోలో మేం భూపాలపల్లి చేరేవాళ్లం. మొదటిరోజే అక్క కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కింది. నేను వెనక ఎక్కాను. మా ఆయన కింద నిలబడి, "పడ్తరు, పడ్తరు," అంటూ నిచ్చెన పట్టుకున్నాడు. స్లాబుమీద నీళ్లు పోయించి, ఒక పూటంతా నిలవ ఉంచి, కిందికి వచ్చి ఏ మూలన చుక్క పడుతుందో చూశాం. చుక్క పడ్డచోటల్లా బొగ్గుముక్కతో గీత గీశాం. మా ప్లాను ఆ గీతలే.

సమ్మెతో లారీలు తిరగక ఇసుక దొరకలేదు. ఇంటి వెనక పాతవాళ్లు వదిలిపోయిన కొద్దిపాటి కుప్ప ఒక్కటే ఉంది. మా ఆయన దాంతో ముందుగోడకు గిలాబు చేయిద్దామన్నాడు. "రోడ్డు మీదికి గనవడ్తది గద," అన్నాడు. అన్న రక్తం ఎక్కడికి పోతుంది?

"ఆ కుప్పంత కప్పుకే," అంది అక్క. "గోడ నాలుగు నెలలు ఆగినా సావదు. కప్పు ఆగితే గోడను గూడ సంపుతది."

అట్లా ముందు కప్పు అయ్యింది. గోడల్లోకి నీళ్లు దిగడం ఆగాక పైపుల పని పెట్టుకున్నాం, గోడలు చెక్కి ఉండగానే కరెంటు వైర్లు కూడా వేయించాం, మళ్లీ చెక్కే పని లేకుండా. ఇందులో గొప్ప తెలివేమీ లేదు. పై నుంచి కిందికి, లోపలి నుంచి బయటికి రావడమే. ఇల్లు అలుక్కునే ప్రతి మనిషీ రోజూ చేసేది అదే. అంత మామూలు సంగతి తట్టకపోవడానికి ఎంత పెద్దరికం కావాలో అని ఆశ్చర్యపోయేదాన్ని.

పైపులు పూర్తవుతుండగా సమ్మె సడలింది. ఇసుక లారీ చెప్పిపెట్టాం. లారీ రావాల్సిన రోజు పొద్దున్నే ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఇంటిముందు ఆగింది. అందులో బావ, బావ వెనక ఇటుకలు, నాలుగు బస్తాల ఇసుక, తాళ్లతో కట్టిన కొత్త గేటు. ఈసారి సింహాలు కాదు, నెమళ్లు. మేస్త్రి చేత ఆ పూటే స్తంభాలు కట్టించి గేటు నిలబెట్టాలని ఆయన పట్టు. మేం ఇంటి వెనక పైపుల కోసం తవ్విన గుంత దగ్గర ఉండగానే ఇటుకలు లేచిపోయాయి.

మధ్యాహ్నం ఇసుక లారీ వచ్చింది. స్తంభాల మధ్య పట్టలేదు. డ్రైవరు దిగి, అటూ ఇటూ చూసి, "ఇగ ఈడ రోడ్డు మీదనే పోస్త," అన్నాడు.

"రోడ్డు మీద పోస్తే పొద్దుగూకే వరకు సగం ఉండదు," అన్నాను నేను.

బావ డ్రైవరు మీద అరిచాడు. డ్రైవరు బావను పైనుంచి కిందిదాకా చూశాడు. "సేటూ, ఇసుక రాకముందు గేటు వెట్టుమని నీకెవడు జెప్పిండు?"

అక్క బావ ముందుకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఇనున్రి. ఒక ఇంట్ల గోడకు ముందు రంగేసిన్రు. ఒక ఇంట్ల పైపుకు ముందు పలకలేసిన్రు. నా గాజులు అడిగిన్రు, ఇచ్చిన. ఇది మాత్రం నేను చెప్పినట్టే గావాలె. స్తంభాలు తీపియ్యున్రి."

వీధిలో జనం ఆగారు. బావ మా ఆయన వైపు చూశాడు, ఎప్పటిలాగే తల ఊపుతాడని. మా ఆయన తల ఊపలేదు. పలుగు తీసుకొని పచ్చి స్తంభం దగ్గరికి నడిచి ఒక్క పోటు పొడిచాడు. ఇటుకలు జారి పడ్డాయి. నా పెళ్లయినప్పటి నుంచి ఆయన్ను చూసి ముచ్చటపడ్డ కొన్ని సందర్భాల్లో అదొకటి.

లారీ లోపలికి వచ్చింది. బావ అదే ట్రాలీ ఆటోలో ముందు సీట్లో కూర్చొని వెళ్లిపోయాడు, రంగు చెప్పడానికి కూడా మళ్లీ రాలేదు. గేటు గోడకు ఆనించి ఉంచాం. గిలాబు, నేల, తలుపులు అయ్యాక, ఊళ్లో బొగ్గు లారీల దుమ్ము లెక్కలోకి తీసుకొని తెలుపు మానేసి మట్టిరంగు వేయించాం. గేటు అన్నిటికంటే చివర నిలబడింది.

ఇల్లు పూర్తయిన తర్వాత మొదటి పెద్దవాన పడిననాడు మేమిద్దరం ఆ ఇంట్లోనే ఉన్నాం. ఖాళీ గదిలో నేలమీద కూర్చొని పైకి చూస్తూ ఉన్నాం. వాన చప్పుడుకు మాటలు వినిపించలేదు. అక్క లేచి అప్పట్లో బొగ్గుగీతలు గీసిన మూలల్లోకి వెళ్లి నేలను చేత్తో తడిమి చూసింది. పొడి చెయ్యి నాకు చూపించింది. పొయ్యి దగ్గర మొదలైన ఆ పాత ముభావం ఎప్పుడు పోయిందో నాకు గుర్తులేదు కానీ, పోయిందని ఆ రోజు తెలిసింది. ప్రేమాభిమానాల వల్ల పోయిందని చెప్పను. ఒకే మనిషిని ఇద్దరం ఒకే రకంగా తీసిపారేయడం వల్ల పోయింది. అది కూడా గట్టి బంధమే.

కిరాయికి గనిలో పనిచేసే అతని కుటుంబం వచ్చింది. ఆ ఇల్లాలు గేటు వైపు చూడలేదు. నేరుగా బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పింది, నీళ్లు ఎటు పోతున్నాయో వంగి చూసింది, కప్పు వైపు తలెత్తింది. "ఉరువదు గద?" అని అడిగింది. "ఉరువదు," అన్నాం ఇద్దరం ఒకేసారి. అదే వారం సామాను దించుకున్నారు.

కొన్నాళ్లకు రాష్ట్రం వచ్చింది. బజారంతా రంగులు చల్లుకొని ఆడింది. మేం కూడా ఆడాం. ఆ సంతోషంలో నాకే వెటకారమూ లేదు. ఆ తర్వాత జిల్లాలు వస్తాయన్న మాట గట్టిపడి, పాత ఇళ్ల కోసం తిరిగేవాళ్లు పెరిగారు. మా బావ ఇళ్ల విషయంలో అనుభవజ్ఞుడని పేరు పడ్డాడు. ఎట్లా పడ్డాడో నన్నడగొద్దు. దుకాణంలో గల్లాపెట్టె వెనక కూర్చొని సలహాలు ఇచ్చేవాడు.

ఒక ఆదివారం తరిగొప్పుల నుంచి మా దూరపు బంధువు ఒకాయన ఇంటికి వచ్చాడు. పాత ఇల్లొకటి బేరం చేశాడట, ఏ పని ముందు మొదలుపెట్టాలో అడగడానికి వచ్చాడు. బావ కాలుమీద కాలు వేసుకున్నాడు.

"నేను మొదటిసంది చెప్పేది ఒకటే. ముందు కప్పు. కప్పు మంచిగుంటే అన్ని మంచిగుంటయి. గది నా సిద్ధాంతం. అటెనక నేల పలకలు పరిపియ్యి. నేల అయినంక పైపులు…"

"పైపులు ముందు!" అని లోపలినుంచి అక్క, నేను ఒకేసారి అన్నాం.

"గదే చెప్తున్న గద," అన్నాడు బావ తొణక్కుండా. "పైపులు, పలకలు. ఒకదాని ఎనుక ఒకటి."

బంధువు ఆయన వైపు చూశాడు, లోపలి తలుపు వైపు చూశాడు. లేచి కండువా భుజాన వేసుకొని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"అక్కా, జర మీరే చెప్పున్రి."

అక్క చేతులు కడుక్కొని పీట జరిపింది. "కూసోన్రి. ఆ ఇంటి కప్పు మీదికి ఎక్కి జూసిన్రా?"

"లేదక్కా. గేటు బయటనుంచే జూసిన. మంచిగ గనవడ్డది."

"అయితే ముందుగాల పోయి ఎక్కి జూసి రాన్రి," అంది అక్క. "అచ్చినంక మాట్లాడుకుందం."